బెండకాయకి మూత వద్దు, దొండకాయకి మూత కావాలి: రోజువారీ కూరల్లో నీటి లెక్క

ముందు మీరు అడిగింది నాకు అర్థమైనంతలో చెప్తాను. ఉద్యోగం కోసం ఊరు మారి రూమ్‌లో ఒక్కరే వండుకుంటున్నారు. ఇండక్షన్ స్టవ్ ఒకటి, లోతుగా ఉండే నాన్‌స్టిక్ గిన్నె ఒకటి ఉన్నాయి. బెండకాయ వేపుడు జిగురు సాగి ముద్దయిపోతోంది, దొండకాయ బయట మాడి లోపల పచ్చిగా ఉండిపోతోంది. మసాలాల హడావిడి లేకుండా వీటికీ, రోజూ దొరికే మిగతా కూరగాయలకీ తేలిక పద్ధతులు కావాలి. పొద్దున చేసిన వేపుడు మధ్యాహ్నం డబ్బాలో మెత్తబడకుండా ఉండాలి.

నేను విజయవాడలో కర్రీ పాయింట్ నడుపుతాను. పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లకి నా దగ్గర మొదటి పాఠం నీటి సంగతి. చేతిలో ఉన్న కాయలో నీరెంత? ఆ నీటిని పోగొట్టాలా, లోపలే ఉంచి మగ్గించాలా? ఈ రెండు ప్రశ్నలకి జవాబు తెలిస్తే ఉప్పు ఎప్పుడు వెయ్యాలి, మూత పెట్టాలా వద్దా, మంట ఎంత ఉండాలి అన్నవి వాటంతటవే తెలిసిపోతాయి. మీకు కుదరకపోవడానికి కారణం కూడా ఇదే. బెండకాయనీ దొండకాయనీ ఒకే తీరుగా వండుతున్నారు. అవి రెండూ పూర్తిగా వేరు వేరు కాయలు.

బెండకాయతో మొదలుపెడదాం. కాయని కోసిన ప్రతిచోటా జిగురు బయటికొస్తుంది, దానికి నీళ్లు తగిలితే ఇంకా సాగుతుంది. బెండ, మందారం, గోంగూర, పత్తి ఒకే కుటుంబానికి చెందిన మొక్కలు. మందారాకు నలిపి తలకి పెట్టుకునేటప్పుడు చేతికి తగిలే జిగురు కూడా ఇలాంటిదే. అందుకని ముక్కలు కోశాక కడగడం అనే మాటే ఉండకూడదు. కాయలుగా ఉన్నప్పుడే కడిగి, నీళ్లు వోడ్చి, పొడి గుడ్డతో ఒక్కొక్క కాయా తుడవాలి. తొడిమ దగ్గర చుట్టూ ఉండే మడతలో నీటి చుక్క దాక్కుంటుంది, అక్కడ ప్రత్యేకంగా తుడవండి. చాకు, పీట కూడా పొడిగా ఉండాలి. రాత్రే కడిగి గుడ్డ మీద ఆరబోసుకుంటే పొద్దున ఈ పనంతా తప్పుతుంది.

కొనేటప్పుడు లేతకాయ ఏరుకోండి. చివర తుంచితే టప్పుమని విరగాలి. విరక్కుండా వంగితే ముదురు. పొడుగ్గా ఉన్నంతమాత్రాన ముదురు అనుకోవద్దు, కొన్ని రకాలు కాయడమే పొడుగ్గా కాస్తాయి. బెండతోటలో రోజు విడిచి రోజు కాయ కోసేది ఇందుకే, రెండ్రోజులు ఆలస్యమైతే పీచు పట్టేస్తుంది. పీచు పట్టిన కాయని ఎంతసేపు వేయించినా నోట్లో నమలడమే మిగులుతుంది.

ముక్కలు అర అంగుళం మందాన చక్రాల్లా కోయండి. మరీ సన్నగా కోస్తే కోత ఎక్కువై జిగురూ ఎక్కువొస్తుంది. కోసిన ముక్కల్ని పళ్లెంలో పలచగా పరిచి ఒక పావుగంట ఫ్యాన్ కింద పెట్టండి. పైన తడి ఆరుతుంది.

ఇక గిన్నె గురించి. మీ లోతు గిన్నెతోనే సగం ఇబ్బంది వస్తోంది. అందులో ముక్కలు ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి. కింద ముక్కల నుంచి లేచిన ఆవిరి పై ముక్కలకి తగులుతుంది, వేగాల్సినవి ఉడుకుతాయి. వెడల్పుగా, అడుగు చదునుగా ఉన్న మూకుడు కావాలి. ఇనుప మూకుడు ఇండక్షన్ మీద బాగా పనిచేస్తుంది, వేపుడికి దాన్ని మించింది లేదు. చింతపండు పులుసులు మాత్రం అందులో కాయొద్దు, పులుపుకి ఇనుము కూరలోకి దిగి రంగూ రుచీ చెడతాయి. ఇండక్షన్ మీద ఇంకో సంగతుంది. గిన్నె మధ్యలోనే వేడి ఎక్కువగా ఉంటుంది, అంచుల దగ్గర తక్కువ. కాబట్టి అంచుల్లో ముక్కల్ని మధ్యకీ, మధ్యవాటిని అంచులకీ మారుస్తూ ఉండాలి.

ఒక్కరికి పావుకిలో బెండకాయ చాలు. రెండు పెద్ద చెంచాల నూనె వేసి బాగా కాగనివ్వండి. ముక్క వేస్తే చుయ్‌మనాలి. అప్పుడు ముక్కలన్నీ వేసి పలచగా సర్దండి. మంట మధ్యస్థం కంటే కాస్త ఎక్కువలో ఉంచి, రెండు మూడు నిమిషాలు గరిటె పెట్టకండి. ఆ తర్వాత అట్లకాడతో కింద నుంచి ఎత్తి తిరగెయ్యండి. కలియబెట్టడం, తిరగెయ్యడం ఒకటి కాదు. గరిటెతో గిరగిరా తిప్పితే ముక్కలు ఒరుసుకుని గింజలూడి ముద్దవుతాయి. మొదటి ఏడెనిమిది నిమిషాలు తీగలు సాగుతాయి. అది చూసి టెన్షన్ పడి మూత పెట్టేయడమో, నీళ్లు చిలకరించడమో చేస్తారు చాలామంది. ఆ రెండూ చెయ్యకండి. రెండు మూడు నిమిషాలకోసారి తిరగేస్తూ ఉంటే తీగలు ఎండిపోయి, ముక్కలు దేనికది విడిపోతాయి. అంచులు గోధుమ రంగుకి తిరుగుతాయి, వాసన కూడా మారుతుంది. అప్పుడు ఉప్పు వెయ్యండి. ముందే వేస్తే ఉప్పు లోపలి నీటిని బయటికి లాగుతుంది, ఆ నీటితో జిగురు మళ్లీ మొదలవుతుంది. ఉప్పు వేశాక ఇంకో నాలుగైదు నిమిషాలు వేగనిచ్చి, మంట ఆపి, కారం కలపండి. కారం మంట మీద ఎక్కువసేపు ఉంటే మాడి ఘాటు పోతుంది.

అప్పటికీ జిగురు వదలకపోతే ఒక చెంచా చిక్కటి పెరుగు వేసి తిరగెయ్యండి. పులుపు తగిలితే జిగురు విరుగుతుంది. పెరుగులో తడి ఆరేదాకా ఇంకాస్త వేయించాలి. పెరుగు లేకపోతే నాలుగు చుక్కల నిమ్మరసం అయినా సరే. చెంచా శనగపిండి చల్లితే అది తడిని పీల్చుకుని ముక్కకి కరకరలాడే పూత కూడా ఇస్తుంది. పెళ్లిళ్లలో వడ్డించే బెండకాయ జీడిపప్పు వేపుడు నూనెలో దేవి తీసింది, ఇంట్లో మూకుట్లో అలా రావాలని చూడకండి.

వేపుడులో కలిపే పొడి ఒకటి చేసి పెట్టుకోండి. శనగపప్పు రెండు పెద్ద చెంచాలు, మినప్పప్పు రెండు, ధనియాలు ఒకటి, జీలకర్ర ఒక చిన్న చెంచా, ఎండుమిరపకాయలు ఏడెనిమిది. చుక్క నూనెలో విడివిడిగా వేయించాలి, ఎందుకంటే పప్పులు వేగేలోపు జీలకర్ర మాడిపోతుంది. చల్లారాక ఉప్పు వేసి కాస్త బరకగా కొట్టండి. ఇది బెండకాయకీ, దొండకాయకీ, అరటికాయకీ, గోరుచిక్కుడికీ అన్నిటికీ సరిపోతుంది. గుంటూరువైపు వాళ్లలాగా ఇష్టమైతే ఆరు వెల్లుల్లి రెబ్బలు, చెంచా కారం, కాస్త జీలకర్ర, ఉప్పు కచ్చాపచ్చాగా దంచి వెల్లుల్లికారం వెయ్యండి. తెలంగాణలో, రాయలసీమలో అయితే వేయించిన పల్లీల పొడి వేస్తారు. బెండకాయకి పల్లీల పొడి చాలా బాగా కుదురుతుంది, మిగిలిన తడి ఏమైనా ఉంటే అదీ పీల్చేస్తుంది.

బెండకాయ పులుసు ఇంకా తేలిక, పులుపు ఉంటుంది కాబట్టి జిగురు బాధ తక్కువ. రెండంగుళాల ముక్కలు కోసి, ముందు నూనెలో ఐదు నిమిషాలు వేయించి పక్కన పెట్టండి. అదే గిన్నెలో తాలింపు వేసి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి మగ్గాక, నిమ్మకాయంత చింతపండు పులుసు, పసుపు, ఉప్పు, కారం వేసి బాగా మరగనివ్వండి. పచ్చివాసన పోయాక ముక్కలు వెయ్యాలి. ముందే వేస్తే పులుసు మరిగేలోపు అవి చితికిపోతాయి. చిన్న బెల్లం ముక్క, చెంచా బియ్యప్పిండి నీళ్లలో కలిపి పోస్తే చిక్కబడుతుంది. దీనికి మీ నాన్‌స్టిక్ గిన్నె బాగానే పనికొస్తుంది.

ఇప్పుడు దొండకాయ. ఇది గట్టి కాయ, దానిలో ఉన్న నీరు అంత తేలిగ్గా బయటికి రాదు. మూత లేకుండా పెద్ద మంట మీద వేయిస్తే పై భాగం ఎండి మాడుతుంది, లోపల ఉడకదు. అందుకని దీనికి రెండు దశలు కావాలి. నిలువునా నాలుగు చీలికలుగా కోసి, నూనెలో వేసి, ఉప్పు, పసుపు మొదట్లోనే వేసెయ్యండి. బెండకాయకి చివర వెయ్యమన్న ఉప్పే ఇక్కడ మొదట వెయ్యాలి, ఎందుకంటే ఆ కాయలోని నీరు బయటికి రావడమే ఇప్పుడు మనకి కావాలి. గుప్పెడు నీళ్లు చిలకరించి మూత పెట్టి, సన్న మంట మీద పది పన్నెండు నిమిషాలు మగ్గించండి. గోరుతో నొక్కితే దిగాలి. అప్పుడు మూత తీసి, మంట పెంచి, తడి ఆరి రంగు తిరిగేదాకా వేయించండి. మూత తీసేటప్పుడు దానికి పట్టిన నీటిని కూరలో పడనివ్వకండి. కోసినప్పుడు లోపల ఎర్రగా ఉన్న కాయలు పండినవి, పుల్లగా ఉంటాయి, వేపుడులో వెయ్యొద్దు.

గోరుచిక్కుడు కూడా ఈ కోవలోదే. ఈనెలు తీసి, ముక్కలు చేసి, ఉప్పు నీళ్లలో ఉడికించి వార్చి, తాలింపులో వేసి పొడి కలిపితే పావుగంటలో పని అయిపోతుంది.

వంకాయ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మనవాళ్లు దీన్ని ఎన్ని రకాలుగా వండుతారో అన్ని రకాలుగానూ పాడుచెయ్యొచ్చు. కోసిన వెంటనే ఉప్పు నీళ్లలో వెయ్యకపోతే నల్లబడుతుంది, చేదెక్కుతుంది. వండబోయే ముందు గట్టిగా నీళ్లు వోడ్చాలి. స్పాంజిలా నూనె పీల్చుకుంటుంది, అది చూసి ఇంకాస్త నూనె పోస్తారు, కాయ ఉడికాక ఆ నూనెంతా పైకి తేలుతుంది. మొదట వేసిన రెండు చెంచాలతోనే ఆగండి. ఉప్పు వేసి మూత పెడితే సొంత నీటితోనే మెత్తబడుతుంది. నీళ్లు పొయ్యకండి, పోస్తే కూర చప్పబడిపోతుంది. మీరు మొదట చెయ్యాల్సింది కొత్తిమీరకారం పెట్టిన వంకాయ. చిన్న కట్ట కొత్తిమీర, మూడు పచ్చిమిరపకాయలు, అంగుళం అల్లం ముక్క, కాస్త ఉప్పు నూరుకోండి. వంకాయ ముక్కలు ముప్పావు వంతు మగ్గాక ఈ ముద్ద వేసి, మూత లేకుండా నాలుగైదు నిమిషాలు ఉంచండి. ముద్ద ముందే వేస్తే పచ్చదనం, వాసన రెండూ పోతాయి. లేత కాయలు దొరికితే నాలుగు పక్షాలుగా చీల్చి ఇదే కారం కూరి వండొచ్చు. అప్పుడు గరిటె పెట్టకుండా గిన్నెని ఎగరేస్తూ తిప్పాలి, లేదా ఒక్కో కాయనీ చెంచాతో తిరగెయ్యాలి.

బీరకాయ, సొరకాయ, పొట్లకాయ నీటి కాయలు. వీటికి నీళ్లు పొయ్యడమంటే కూరని చేతులారా పలచన చేసుకోవడమే. తాలింపులో ముక్కలు వేసి మూత పెడితే ఐదు నిమిషాల్లో గిన్నె అడుగున నీరు ఊరుతుంది, ఆ నీటితోనే ఉడకాలి. ముఖ్యమైన జాగ్రత్త ఉప్పు. బీరకాయ ముక్కలు గిన్నె నిండా కనిపిస్తాయి, ఉడికితే పిడికెడవుతాయి. మొదట చూసిన కుప్పకి తగినట్టు ఉప్పు వేస్తే కూర ఉప్పు కషాయమే. సగం వేసి, దగ్గరపడ్డాక రుచి చూసి మిగతాది వెయ్యండి. నానబెట్టిన గుప్పెడు పెసరపప్పు వేస్తే ఊరిన నీటిని పప్పు తాగుతుంది, కూర పొడిపొడిగా వస్తుంది. లేకపోతే చివర్లో అరకప్పు కాచిన పాలు పోసి, సన్న మంట మీద రెండు నిమిషాలు ఉంచి దించండి. పాలు పోసిన సొరకాయ కూర ఒంట్లో నలతగా ఉన్నరోజు కూడా హాయిగా లోపలికి పోతుంది. పాలు పోసేటప్పుడు పులుపు ఏదీ తగలకూడదు, విరిగిపోతాయి. బీరకాయ పొట్టు పారెయ్యకండి. నూనెలో వేయించి, పచ్చిమిర్చి, చింతపండు, ఉప్పు వేసి రుబ్బితే పచ్చడి.

ఈ కాయల విషయంలో ఒక మాట తప్పకుండా గుర్తుపెట్టుకోండి. సొరకాయ, బీరకాయ, దోసకాయ కోయగానే చిన్న ముక్క నాలిక మీద పెట్టి చూసి ఉమ్మెయ్యండి. చేదుగా ఉంటే కాయ మొత్తం పారెయ్యాలి. డబ్బులు పెట్టాం కదా, ఉడికితే చేదు పోతుందిలే అనుకోవద్దు. ఆ చేదు వంటతో పోదు. తింటే వాంతులు, విరేచనాలు అయి ఆస్పత్రి దాకా వెళ్లాల్సి వస్తుంది. చేదు సొరకాయ రసం తాగి ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. కాకరకాయ చేదు వేరు, అది ఆ కాయ స్వభావం, తినొచ్చు.

కాకరకాయకి కూడా చేదు పూర్తిగా పిండెయ్యడం నాకు నచ్చదు. చక్రాలకి ఉప్పు, పసుపు రాసి ఇరవై నిమిషాలు ఉంచి, మెల్లగా ఒకసారి పిండితే చాలు. తడి పోయింది కాబట్టి మూత లేకుండా బెండకాయలాగే వేయించి, చివర్లో కాస్త బెల్లం తురుము, కారం వెయ్యండి.

చేమదుంపకి బెండకాయలాగే జిగురుంటుంది, బచ్చలికూడా అంతే. చేమదుంపల్ని తొక్కతోనే ఉడికించి, తొక్క తీసి, పూర్తిగా చల్లారనివ్వాలి. వేడిమీద కోస్తే చాకుకి అంటుకుని పిండైపోతాయి. చల్లారాక గట్టిపడతాయి, అప్పుడు చక్రాలు కోసి, కాస్త బియ్యప్పిండి చల్లి వేయించండి. పచ్చి చేమ, పచ్చి కంద ముట్టుకుంటే చేతులు దురదపెడతాయి కాబట్టి నూనె రాసుకుని కోయాలి. సరిగ్గా ఉడక్కపోతే గొంతు కూడా దురదపెడుతుంది. గోదావరి జిల్లాల పెళ్లి భోజనాల్లో కంద బచ్చలి కూరలో చింతపండు పడేది రుచికొక్కటే కాదు, కంద దురదకీ బచ్చలి జిగురుకీ కూడా అదే మందు.

అరటికాయ కోసేటప్పుడు కూడా చేతికి నూనె రాసుకుని, ముక్కల్ని మజ్జిగ నీళ్లలో వెయ్యండి, నల్లబడవు. పసుపు వేసి ముప్పావు వంతు ఉడికించి వార్చాక తాలింపులో వెయ్యాలి. ఆవపెట్టి తినాలనిపిస్తే, చెంచా ఆవాలు, ఒక ఎండుమిరపకాయ నానబెట్టి నూరి, కూర దించి వేడి కాస్త తగ్గాక కలపండి. పొయ్యి మీద ఉండగా కలిపితే ఆవఘాటు ఎగిరిపోయి చేదు మిగులుతుంది. పనసపొట్టు కూరకీ ఇదే పద్ధతి.

తాలింపు విషయంలో అందరూ చెప్పే వరసే నేనూ చెప్తాను: శనగపప్పు, మినప్పప్పు ముందు, అవి రంగు తిరుగుతుండగా ఆవాలు, చిటపటలాడాక జీలకర్ర, ఎండుమిర్చి, చివర ఇంగువ, కరివేపాకు. ఇండక్షన్ మీద నూనె గ్యాస్ కంటే త్వరగా కాగుతుంది, ఆపినా గిన్నెలో వేడి కాసేపు నిలుస్తుంది. అన్నీ స్టవ్ పక్కన చేతికందేలా పెట్టుకున్నాకే మొదలుపెట్టండి. వేపుడులో తాలింపు మొదట వేస్తే ముక్కలు వేగేలోపు పప్పులు నల్లబడతాయి కాబట్టి, బెండకాయకి తాలింపు విడిగా వేసి చివర కలపడం నాకు అలవాటు.

విదేశాల్లో ఉంటూ ఇదే సందేహంతో చదివేవాళ్లకి: ఫ్రీజర్‌లో దొరికే కోసిన బెండకాయ ముక్కల్ని కరగనివ్వకండి. కరిగితే నీరూ జిగురూ కలిసిపోయి ముక్కలు చేతికే రావు. గడ్డగా ఉన్నట్టే నూనె కలిపి, ట్రేలో పలచగా పరిచి, ఓవెన్‌లో 220 డిగ్రీల సెల్సియస్ మీద ఇరవై ఐదు నిమిషాలు పెట్టి, మధ్యలో ఒకసారి తిరగెయ్యండి. ఆ తర్వాత మూకుట్లో పొడి కలుపుకుంటే సరి.

డబ్బా సంగతి, బాబూ. వేపుడు వేడిగా ఉండగా మూత బిగిస్తే ఆవిరి మూతకి పట్టి, నీరై మళ్లీ ముక్కల మీదే పడుతుంది. మధ్యాహ్నానికి మెత్తబడేది అందుకే. పళ్లెంలో పరిచి పూర్తిగా చల్లారాకే డబ్బాలో పెట్టండి. పొడి అప్పుడు కలపకుండా చిన్న సీసాలో ఆఫీసులోనే ఉంచుకుని, తినేముందు చల్లుకోండి. అన్నం వేడిగా పెట్టుకునే అలవాటుంటే దానికి వేరే డబ్బా వాడండి, ఒకే డబ్బాలో రెండు అరలుగా పెడితే అన్నం ఆవిరి వేపుడికే తగులుతుంది. టైమ్ లేని రోజు వేపుడు మానేసి పులుసో, కొత్తిమీరకారం వంకాయో పట్టుకెళ్లండి, అవి మధ్యాహ్నానికి ఇంకా రుచెక్కుతాయి.